ఫోర్తూనీ మ్యూజియంలో హెన్రియెట్ ఎక్కడ?

1909లో పారిస్‌లో నమోదైన ఒక పేటెంట్ పత్రం మీద చేత్తో రాసిన చిన్న గమనిక ఉంది. ఈ పేటెంట్ హెన్రియెట్ సొత్తు, దీన్ని కనిపెట్టింది ఆమే, దరఖాస్తు తొందరగా వేయాల్సి వచ్చి నా పేరు మీద వేశాను అని దాని సారాంశం. రాసినది మరియానో ఫోర్తూనీ, స్పెయిన్‌లో పుట్టి వెనిస్‌లో స్థిరపడిన చిత్రకారుడు, బట్టల రూపకర్త. ఆ పేటెంట్ డెల్ఫోస్ అనే పట్టు గౌనుది. ఫోర్తూనీ పేరు ఈనాటికీ జనం నోట నిలిచిందంటే దానికి ముఖ్య కారణం ఆ గౌనే. హెన్రియెట్ నిగ్రిన్ ఆయన సహచరి, చాలా ఏళ్ల తర్వాత భార్య.

వెనిస్‌లో ఆయన మ్యూజియం చూసి వచ్చాక ఈ గమనిక గురించి చదివాను. అప్పటినుంచి ఆ భవనం నా మనసులో మరో రకంగా కనిపిస్తోంది. దాన్ని ఒక్క మనిషి బహుముఖ ప్రజ్ఞకు గుర్తుగా చూపించడం చాలదని నా అభిప్రాయం. అది ఇద్దరు మనుషులు కలిసి నడిపిన కార్ఖానా. అందులో ఎందరో ఆడవాళ్లు పనిచేశారు. ఆ సంగతి మ్యూజియం మొదటి గదిలోనే చెప్పాలి. ఆ ఇల్లంటే ఎంతో ఇష్టం కలిగింది కాబట్టే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

గోడలన్నీ బట్టలే

సాన్ బెనెతో అనే చిన్న కూడలిలో ఉంది ఆ భవనం. పదిహేనో శతాబ్దంలో పెసారో వంశస్థులు కట్టించిన గోథిక్ భవనం అది. తర్వాతి కాలంలో సంగీత సంఘాల చేతికి వెళ్లింది. వాటిలో ఒకటైన ఓర్ఫెయి సంఘం పేరు భవనం పేరులో అతుక్కుపోయింది. పంతొమ్మిదో శతాబ్దం చివరికి గదులకు అడ్డుగోడలు కట్టి, ఎవరెవరికో అద్దెకిచ్చి, ముక్కలు ముక్కలుగా వాడుతున్నారు. ఫోర్తూనీ ముందు పై అంతస్తులో కొంత భాగం అద్దెకు తీసుకుని చిత్రశాలగా మార్చుకున్నాడు. తర్వాత ఒక్కో భాగమే కొంటూ, అడ్డుగోడలు తీయిస్తూ మొత్తం భవనాన్ని తనదిగా చేసుకున్నాడు.

లోపల అడుగు పెట్టగానే ముందు తెలిసేది చీకటి. వెనిస్ అంతా నీళ్ల మీద పడిన ఎండతో మిలమిల్లాడుతుంటే ఈ ఇంట్లో వెలుగు వడగట్టినట్టుగా వస్తుంది. పెద్ద హాలు గోడలకు నిలువెత్తున అచ్చువేసిన బట్టలు వేలాడుతుంటాయి. వాటి ముందు చిత్రాలు, విగ్రహాలు, ఆయన రూపొందించిన దీపాలు. ఇంకో వైపు గోడల నిండా పూలతోటలు, జంతువులు, విగ్రహాలు చిత్రించిన గది ఉంది. ఆ గదిని ఆయన ఏళ్ల తరబడి చిత్రిస్తూనే పోయాడు. చిత్రకారుడు, లోహపు పలకల మీద బొమ్మ చెక్కి కాగితం మీద అచ్చుతీసే ఎచింగులు చేసినవాడు, ఫొటోగ్రాఫరు, రంగస్థలానికి వెలుగు అమర్చినవాడు, బట్టలు అచ్చువేసినవాడు, దీపాలు తయారు చేసినవాడు, గుడ్డుసొన లాంటి జిగురుతో చేసే టెంపెరా రంగులు సొంతంగా కలుపుకున్నవాడు. అన్నీ ఒకే ఇంట్లో, ఒకే పేరు కింద.

నేను వెళ్లిన రోజున ఒక పెద్దావిడ ఒక గౌను ముందు చాలాసేపు నిలబడింది. తక్కినవాళ్లం నాలుగడుగులు వెనక్కి వేసి గౌను మొత్తం కనిపించేలా ఫొటోలు తీసుకుంటుంటే, ఆమె మాత్రం వంగి పక్క కుట్టునే చూస్తోంది. గౌను అంచున, కుట్టు వెంబడి సన్నని దారానికి గుచ్చిన, వెనిస్ పక్కనున్న మురానో దీవి గాజు పూసలుంటాయి. అవి అందానికి మాత్రమే కాదు, పల్చటి పట్టు గాలికి లేవకుండా ఒంటిని అంటి జారేలా బరువు కూడా అవే. ఆమె చూపుడువేలు గాలిలో ఆ పూసల వెంబడి ఒక్కొక్కటిగా కదిలింది. కుట్టుపని చేసిన మనిషి అయి ఉంటుందని అనిపించింది. ఆమె చూస్తున్నది పనితనాన్ని. ఆ పని చేసిన చేతులెవరివన్న ప్రశ్న ఆ చూపులోనే ఉంది.

ఫోర్తూనీకి దక్కాల్సింది

ముందు ఒక మాట స్పష్టంగా చెప్పాలి. ఫోర్తూనీ గొప్పతనాన్ని తగ్గించడం నా ఉద్దేశం కాదు. 1871లో గ్రనాడాలో పుట్టాడు. తండ్రి పేరున్న స్పానిష్ చిత్రకారుడు, ముప్పై ఆరేళ్లకే పోయాడు. అప్పటికి పిల్లవాడికి మూడేళ్లు. తల్లి సెసీలియా చిత్రకారుల వంశంలో పుట్టినామె. పిల్లలతో 1889లో వెనిస్ చేరింది. ఆమెకు పాత బట్టలు సేకరించే అలవాటు. పెట్టెల్లో దాచిన ఆ నేతలు చూస్తూ పెరిగాడు మరియానో.

యువకుడిగా జర్మనీలోని బైరాయిట్‌కు వెళ్లి జర్మన్ స్వరకర్త వాగ్నర్ సంగీత నాటకాలు చూశాక ఆయన మనసు రంగస్థలం వైపు తిరిగింది. అప్పుడే విద్యుద్దీపాలు నాటకశాలల్లోకి వస్తున్నాయి. ఆ వెలుగు నేరుగా పడితే చేత్తో చిత్రించిన తెరలు వెలవెలబోతాయి, ఆకాశంగా వేలాడదీసిన గుడ్డ మీద అతుకులు కనిపిస్తాయి. ఫోర్తూనీ దీపాన్ని వెనక్కి తిప్పాడు. వెలుగును ముందు రంగు పట్టుగుడ్డల మీద పడనిచ్చి, అక్కడినుంచి తిరిగి వచ్చే మెత్తటి కాంతిని వేదిక మీదికి పంపాడు. తెరకు బదులు పావుగోళం ఆకారంలో గుమ్మటం కట్టి దాని మీద ఆ వెలుగు పరిస్తే అంతులేని ఆకాశం కనిపించింది. 1906లో పారిస్‌లో ఒక ధనికురాలి సొంత నాటకశాలలో దాన్ని అమర్చారు. 1922లో మిలాన్‌లోని పేరున్న సంగీత నాటకశాల లా స్కాలాకూ చేరింది.

దీన్నిబట్టి ఆయన బహుముఖ ప్రజ్ఞ గురించి నాకు ఒకటి అర్థమైంది. పది విద్యలు వేరువేరుగా నేర్చిన మనిషి కాదాయన. బట్ట మీద పడిన వెలుగు ఎలా ప్రవర్తిస్తుందన్న ఒక్క ప్రశ్ననే పది వైపులనుంచి అడిగాడు. పట్టుగుడ్డను తాకి వచ్చే వెలుగుతో రంగస్థలాన్ని మార్చినవాడే వెల్వెట్ మీద లోహపు పొడులు కలిపిన రంగులతో అచ్చువేసి, శతాబ్దాల నాటి జరీ బట్టలా మెరిసేలా చేశాడు. ఈ పొందిక ఆ ఇంట్లో నడుస్తుంటే అడుగడుగునా తెలుస్తుంది. దీపం గోడ మీది బట్టను వెలిగిస్తుంది, బట్ట దీపాన్ని మెత్తబరుస్తుంది. ఇంత చక్కగా తన లోపలి మనిషిని చూపించే మ్యూజియాలు అరుదు. నా అభ్యంతరమల్లా ఆ మనిషి ఒక్కడే అన్నట్టు చూపించడం మీదనే.

మడతల రహస్యం ఎవరి చేతిలో ఉంది?

డెల్ఫోస్ గౌను చూడనివారికి చెప్పాలి. గ్రీసులోని డెల్ఫీలో 1896లో బయటపడిన కంచు సారథి విగ్రహం మీది వస్త్రం దానికి మూలం. భుజాలనుంచి పాదాల దాకా వందల సన్నని నిలువు మడతలతో పట్టు నీటిధారలా జారుతుంది. లోపల కట్టుబట్ట లేదు, నడుము బిగించే చట్రం లేదు. ఆడవాళ్లు కార్సెట్లు బిగించుకు తిరుగుతున్న రోజుల్లో ఇదెంత తెగువో ఊహించండి. మొదట్లో ఇంట్లో అతిథుల ముందు మాత్రమే వేసుకునేవారు. నర్తకి ఇసడోరా డంకన్, నటి ఎలియనోరా డ్యూజ్ వంటివాళ్లు వేసుకున్నాక బయటికీ వచ్చింది. దాన్ని మడతపెట్టి దాచరు, నూలు చిలపలా మెలితిప్పి చిన్న గుండ్రటి పెట్టెలో పెడతారు. తడిస్తే మడతలు పోతాయి. మళ్లీ వేయించడానికి వెనిస్‌కే పంపాలి.

ఆ మడతలు ఎలా వేసేవారో ఇప్పటికీ పూర్తిగా ఎవరికీ తెలియదు. 1909లోనే తీసుకున్న మరో పేటెంట్‌లో వేడెక్కే గొట్టాల పరికరం ఒకటి ఉంది. కానీ అది బట్ట మీద అడ్డంగా వచ్చే అలలనే వివరిస్తుంది. అంత సన్నని, ఒకదానితో ఒకటి సరిగ్గా కలవని నిలువు మడతలు మాత్రం తడి పట్టు మీద చేతివేళ్లతో పెట్టి ఉంటారని బట్టల నిపుణులు చాలామంది భావిస్తారు. ఈ సంగతి చెప్పే ప్రతి వ్యాసంలోనూ రహస్యం ఫోర్తూనీతోనే పోయిందన్న మాట కనిపిస్తుంది. ఆ మాట చదివినప్పుడల్లా నాకు మనసు చివుక్కుమంటుంది. అన్ని వేల మడతలు ఒక్క మనిషి వేశాడా? ఆ భవనంలో అచ్చు, అద్దకం, మడత పనులను హెన్రియెట్ దగ్గరుండి నడిపింది. గదుల నిండా పనివాళ్లున్నారు, వాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లు. రోజూ పట్టును తడిపి, మడిచి, కట్టి, ఆరబెట్టిన ఆ వేళ్లకు తెలియని రహస్యమంటూ ఒకటి ఉండదు. రహస్యం ఆయనతో పోలేదు. ఆ ఆడవాళ్లను ఎవరూ అడగలేదు కాబట్టి పోయింది.

ఇలా గట్టిగా చెప్పడానికి కారణం మా ఇల్లు. మాది పోచంపల్లి వైపు చేనేత కుటుంబం. మగ్గం మీద కూర్చునేది తాతయ్య. ఊరంతా ఆయన్నే నేతగాడు అనేవారు. నూలు చుట్టేది, ఆసు పోసేది, రంగు అంటకూడని చోట దారాన్ని బిగించి కట్టే చిటికి కట్టేది నానమ్మ. అర్ధచంద్రాకారపు చట్రం మీద మేకుల చుట్టూ దారాన్ని తిప్పడమే ఆసు. ఒక చీరకు సుమారు 9,000 సార్లు చెయ్యి ఆడాలని లెక్క. నానమ్మ కుడి భుజం ఎడమదానికంటే కిందికి దిగిపోయి ఉండేది. చీర అమ్మకానికి వెళ్లినప్పుడు సేటు అడిగేది తాతయ్య పేరే, పద్దు రాసేది ఆయన పేరు మీదే. తాతయ్య చెడ్డవాడు కాదు. ఎవరైనా చీరను మెచ్చుకుంటే చిటికి మా ఇంటిదే కట్టింది అనేవాడు. నోటిమాటగా అన్న ఆ మాట పద్దులోకి ఎన్నడూ ఎక్కలేదు.

ఆలేరు దగ్గరి శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం తల్లి పడే భుజం నొప్పి చూడలేక ఏళ్ల తరబడి శ్రమించి, 1999లో ఆసు యంత్రం పూర్తి చేశారు. 2017లో పద్మశ్రీ వచ్చింది. యంత్రానికి తల్లి పేరే పెట్టారు, లక్ష్మీ ఆసు యంత్రం అని. కనిపెట్టింది ఆయనే, అందులో సందేహం లేదు. కానీ ఆ పేరు చదివిన ఎవరికైనా ఆసు అంటే ఎవరి భుజం మీద నడిచిన పనో తెలిసిపోతుంది. పేరు చేయగల పని అదే. ఫోర్తూనీ బట్టలకు లోపల కుట్టిన గుండ్రటి పట్టు ముద్ర మీద ఆయన పేరు, వెనిస్ పేరు ఉంటాయి. అంతే.

నాకు నేను చెప్పుకున్న అభ్యంతరాలు

మొదటిది, నా వాదన సాక్ష్యం కంటే ముందుకు పరుగెత్తుతోందా అన్నది. ఒక గమనికను పట్టుకుని ఇంటినంతా హెన్రియెట్‌కు రాసివ్వడం న్యాయం కాదు. వెలుగు పేటెంట్లు ఆయనవే, చిత్రాలు ఆయనవే, అచ్చుల నమూనాలలో ఆయన చెయ్యి స్పష్టంగా ఉంది. ఇరవైకి పైగా పేటెంట్లు తీసుకున్న మనిషి ఆయన. హెన్రియెట్‌ను ఇప్పుడు ఒంటరి మేధావిగా నిలబెడితే మళ్లీ అదే తప్పు, పాత్ర మాత్రమే మారుతుంది. పైగా ఆ గమనిక రాసినవాడు ఫోర్తూనీయే కదా. మోసం చేయాలనుకున్నవాడు అలా రాసి పెట్టడు. నిజమే. ఇంకో సంగతి కూడా గుర్తుంచుకోవాలి: ఆ కాలపు వ్యాపార లోకంలో ఆయన పేరుకున్న విలువ ఆ ఇంటికంతటికీ తిండి పెట్టింది. ఇవన్నీ ఒప్పుకున్నాకే మ్యూజియం బాధ్యత మరింత స్పష్టమవుతోంది నాకు. ఆయన దాచనిదాన్ని మనమెందుకు చిన్న అక్షరాల్లో దాచాలి?

రెండోది, మ్యూజియం ఆమెను మరిచిపోలేదన్నది. 2015 చివర్లో ఇదే భవనంలో హెన్రియెట్ మీద ప్రత్యేక ప్రదర్శన పెట్టారు. మంచి పని. కానీ దాని పేరులో ఆమె ఫోర్తూనీ స్ఫూర్తిదేవత. గోడల మీద కూడా ఆమె ఎక్కువగా అలాగే కనిపిస్తుంది. 1935లో ప్రాచీన రోమన్ నగరం పాంపే నాటి వేషంలో ఆమెను ఆయన చిత్రించాడు, అందమైన చిత్రం. చిత్రంలో కూర్చున్న మనిషిగా ఆమె అందరికీ తెలుసు, పట్టుకు మడతపెట్టిన మనిషిగా కొందరికే తెలుసు. మా అక్క కూతురు ఫ్యాషన్ డిజైన్ చదువుతోంది. డెల్ఫోస్ గౌను గురించి ఒక పేజీ రాసుకుంది, పరీక్షకు. హెన్రియెట్ పేరు చెప్తే, ఆవిడ మోడల్ కదా పిన్నీ అంది. గమనిక సంగతి చెప్పాక ఆ పేజీ పక్కన పెన్సిలుతో రాసుకుంది కానీ, పరీక్షలో రాస్తే మార్కులు పోతాయేమో అని సందేహపడింది. పుస్తకంలో ఒక్క పేరే ఉంది మరి.

మూడోది మా ఊరి వైపునుంచే వచ్చింది. వెనిస్ సంగతి ఒక స్నేహితుడితో మాట్లాడుతుంటే, పోచంపల్లి చీర మీద మనవాళ్లలో ఎవరి పేరు ఉంది, వాళ్లు కనీసం ఒకరి పేరన్నా నిలబెట్టారు అన్నాడు. ఇది నన్ను చాలా రోజులు ఆలోచనలో పడేసింది. చిటికి కట్టి రంగులద్దిన దారంతో నేసే పోచంపల్లి ఇకత్‌కు 2005లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అది ఊరి పేరుకు దక్కిన రక్షణ, అవసరమైనదే. కానీ ఊరి పేరు కింద నానమ్మా లేదు, తాతయ్యా లేడు. అక్కడ ఒక్కడి పేరు అందరినీ కప్పేసింది, ఇక్కడ ఊరి పేరు అందరినీ కప్పేసింది. రెంటిలో ఏది మేలని తూచడం నాకు ఇష్టం లేదు. వెనిస్‌లో ఒక సౌలభ్యం ఉంది: అక్కడ ఇల్లు నిలిచి ఉంది, కాగితాలున్నాయి, ఫొటోలున్నాయి, పరికరాలున్నాయి. ఎవరేం చేశారో చెప్పగల అవకాశం ఉన్నచోట చెప్పకపోవడమే నన్ను బాధిస్తోంది. మన ఊళ్లలోనూ ఇంకా ఆసు పోసిన ముసలమ్మలున్నారు. వాళ్ల మాటలు రికార్డు చేసే పని మనది, ఆ విషయం మరోసారి రాస్తాను.

ఇల్లు ఇచ్చింది ఎవరు?

నాలుగో అభ్యంతరమే అన్నిటికంటే గట్టిది. ఫోర్తూనీ 1949లో ఆ ఇంట్లోనే పోయాడు. ఆ తర్వాత డెల్ఫోస్ తయారీని హెన్రియెట్ ఆపేసింది. వెనిస్‌లోనే జుదెక్కా దీవిలో ఫోర్తూనీకి ఉన్న నూలు బట్టల కార్ఖానాను అమెరికాలో ఆ బట్టలు అమ్ముతున్న ఎల్సీ మెక్‌నీల్ చేతికి అప్పగించింది. అది నేటికీ నడుస్తోంది, యంత్రాలను సందర్శకులకు చూపించరు. ఇంటిని ముందు స్పెయిన్‌కు ఇవ్వాలనుకున్నారు, అది కుదరలేదు. 1956లో హెన్రియెట్ దాన్ని వెనిస్ నగరానికి రాసిచ్చింది. 1965లో చనిపోయింది. 1975లో మ్యూజియం తెరుచుకుంది. భర్త వస్తువులను సర్ది, జాగ్రత్త చేసి, ఆయన పేరు నిలబడేలా చేసింది ఆమే. తన పేరు ముందుకు రావాలని ఆమె కోరలేదు. ఆమె కోరని గౌరవాన్ని ఇవ్వడానికి నేనెవరిని?

దీనికి నా దగ్గర తేలికైన జవాబు లేదు. భర్త పేరు వెనకాల నిలబడటం ఆమెకు తృప్తినిచ్చి ఉండవచ్చు. మా నానమ్మను అడిగితే, పేరుదేముంది, చీర బాగా కుదిరిందా లేదా అదీ చూడాల్సింది అనేది. ఆ మాటను నేను గౌరవిస్తాను. కానీ నానమ్మ వినయం ఆమెది, దాన్ని ఆసరాగా చేసుకుని ఆమె పనిని లెక్కలోంచి తీసేయడం మనం చేసే పని. హెన్రియెట్ విషయంలో మరో కోణం కూడా ఉంది. ఆమె ఇచ్చింది సమాధి కాదు. కళకు సంబంధించిన కేంద్రంగా ఉపయోగపడాలని ఇచ్చింది. కళ గురించి నేర్పే చోట అది ఎలా తయారవుతుందో, ఎందరి చేతుల మీదుగా తయారవుతుందో చెప్పకపోతే ఆమె ఉద్దేశానికే లోటు.

పైగా ఇప్పుడు సమయం కూడా కలిసొచ్చింది. చాలా ఏళ్లపాటు ఈ భవనం తాత్కాలిక ప్రదర్శనలకు ఎక్కువగా పనికొచ్చింది. 2019 నవంబరు 12 రాత్రి సముద్రపు పోటు 187 సెంటీమీటర్లకు చేరి వెనిస్‌ను ముంచెత్తినప్పుడు కింది అంతస్తు దెబ్బతిని మూతపడింది. 2022 మార్చిలో తెరిచినప్పటినుంచి ఇది శాశ్వతంగా ఫోర్తూనీ ఇల్లుగా ఉంటోంది. అంటే ఇకమీదట ఇక్కడ చెప్పే కథే అందరికీ ఆయన కథ అవుతుంది. మా అక్క కూతురి లాంటి పిల్లలు పరీక్షల్లో రాసేదీ ఇదే.

నేను అడిగేది పెద్దదేమీ కాదు. భవనం పేరు మార్చమనడం లేదు. ప్రతి గౌను కింద, ప్రతి అచ్చుబట్ట కింద రూపకల్పన ఎవరిది, అద్దకం ఎవరి పర్యవేక్షణలో జరిగింది, ఏ ఏళ్లలో ఈ పని ఈ గదుల్లో నడిచింది అని రాయవచ్చు. పనివాళ్ల ఫొటోలను ఒక మూల బల్ల మీద కాకుండా, వాళ్లు పనిచేసిన చోటే గోడకు పెట్టవచ్చు. వెనిస్‌లో, జుదెక్కాలో పాత కుటుంబాలున్నాయి. మా అమ్మమ్మ ఫోర్తూనీ వాళ్ల దగ్గర పనిచేసింది అని చెప్పగలిగేవాళ్లు ఆ ఇళ్లలో ఇంకా ఉండే వీలుంది. వాళ్లను పిలిచి కూర్చోబెట్టి, అమ్మమ్మ పట్టును ఎలా తడిపేదో, దారం ఎలా కట్టేదో, ఇంటికొచ్చాక చేతుల గురించి ఏమని చెప్పుకునేదో అడగవచ్చు. వాళ్లు చెప్పిన దాంట్లో మడతల గురించి ఒక్క మాట దొరికినా చాలు, ఆ గౌను పక్కన ఆ అమ్మమ్మ పేరుతోనే రాయాలి.